సభ్యత్వం మనల్ని ఏం అడుగుతుంది?

(సంఘంలో కొత్త సభ్యులను చేర్చుకునే ఆరాధనలో చేసిన ప్రసంగం)

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఉదయం సభ్యులుగా చేరబోతున్నవాళ్లు ముందు వరుసల్లో కూర్చున్నారు. తరగతుల్లో మీరు అడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి. నెల చందా ఎంత? పిల్లల పెళ్లి ఇక్కడే చేస్తారా? సమాధుల తోటలో చోటు దొరుకుతుందా? కొందరు మొహమాటపడ్డారు గానీ, ఇవి అడగాల్సినవే. ఇంట్లో మనిషి పోయిన రోజున ఎక్కడ పాతిపెట్టాలన్న టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్లకు తెలుసు. కాకపోతే సంఘం మనల్ని ఏం అడగొచ్చు అన్న ప్రశ్న మాత్రం ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. దాని గురించే మాట్లాడతాను.

ఒంగోలు సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 1876 నుంచి 1878 దాకా కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది. అక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. తట్టలు మోసినవాళ్లు విరామంలో బోధకుల మాటలు విన్నారు, బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం అడుగుతున్నారో క్రీస్తు కోసం అడుగుతున్నారో కరువు తీరాక చూద్దామని నెలల తరబడి ఆపేశారు. 1878 జూన్ నాటికి సాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నీళ్లలో నిలబడ్డారు.

మనం ఆ అంకెనే చెప్పుకుంటాం. నాకైతే అంతకుముందు ఆగిన నెలలే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. చేరేవాళ్ల సంఖ్య కోసం తొందరపడని సంఘం అది.

చేరినవాళ్ల మీద పెట్టిన నియమాలు కూడా కొద్దివే. ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. కానీ వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆసామి పిలిచిన రోజున రానంటే కూలి పోతుంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా పగబడుతుంది. ఎవరు సభ్యులో రిజిస్టరు తెరవకుండానే ఊరికి తెలిసిపోయేది.

1912లో దోర్నకల్‌ బిషప్‌ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఇంకో అడుగు ముందుకేశారు. బాప్తిస్మం పొందినవాళ్లతో తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట చెప్పించేవారు. అక్షరం రాని కూలీ అయినా సరే, చేరిన రోజే పని మీద పడేది.

ఇప్పుడు ఖరీదు వేరే రకంగా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే నమ్మి కూడా రిజిస్టరులో పేరు రాయించుకోని కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను పిరికివాళ్లు అనే హక్కు మనకెవరికీ లేదు. పిల్లల చదువు, ఉద్యోగం పణంగా పెట్టాల్సినవాళ్ల బాధ అది. ఆ బాధ లేని మనం మాత్రం ఏం చేస్తున్నాం? ఉదయం ఒక చర్చి, సాయంత్రం ఇంకో మీటింగు, మధ్యలో యూట్యూబ్‌లో ఒక ప్రసంగం. వినడం మంచిదే. కానీ మీరు రెండు ఆదివారాలు కనిపించకపోతే యూట్యూబ్ పాస్టరు గారు ఫోన్ చేయరు.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన పద్ధతి చూడండి. తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలవాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. పేర్లు తెలియని గుంపులో ఇది జరగదు. ఎవరైనా వచ్చి, అన్నా, ఈమధ్య తాగుతున్నావట అని అడిగితే, మా ఇంటి విషయం నీకెందుకు అంటాం. అలా అడగనివ్వడమే సభ్యత్వంలో అన్నిటికంటే కష్టమైన పని. చందా కట్టడం దానిముందు చాలా తేలిక.

అడిగే హక్కు మీకూ ఉంది. లెక్కలు అడగండి. కమిటీ ఎన్నికల ముందు మాత్రమే చందా బాకీలు కట్టి, ఓటేసి, మళ్లీ ఎన్నికల దాకా కనిపించని సభ్యులు చాలా సంఘాల్లో ఉన్నారు. కోర్టుల్లో నలుగుతున్న ఆస్తి తగాదాలకు వాళ్ల మౌనం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇంకొకటి చెప్పకపోతే నేను తప్పించుకున్నట్టే. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకాళ్లూని, ఒకే రొట్టె తిని లేచి, పిల్లనివ్వాల్సి వచ్చేసరికి వాళ్లేమిట్లు, ఏ కులం అని అడుగుతున్నాం. మాల చర్చి, మాదిగ చర్చి, పై కులాల చర్చి అని ఊళ్లో గుర్తులు చెబుతున్నాం. చేరేటప్పుడు మనం క్రీస్తు శరీరంలో అవయవాలమని ఒప్పుకుంటాం. ఆ ఒప్పుకోలు పెళ్లిచూపుల దాకా రావాలి. అది ముందు వరుసలవాళ్లకే కాదు, వెనక కూర్చున్న మనకూ వర్తిస్తుంది.

కాసేపట్లో పాస్టరు గారు మీకు ప్రశ్నలు వేస్తారు. ఆ తర్వాత సంఘమంతా లేచి నిలబడాలి, మనకూ ఒక ప్రశ్న ఉంది. ఒక్కో కుటుంబానికి ఒక పెద్దను కేటాయించాం. ఈ వారంలోనే మీ ఇంటికి వస్తారు. టీ ఇస్తే చాలు, భోజనాలు పెట్టొద్దు, ఒక్కొక్కరికి నాలుగిళ్లున్నాయి.