ఫ్రిడోలిన్: ఒక తపాలా బండికి దాని అసలు అమరికను తిరిగి తేవడం అంటే ఏమిటి?

నమస్కారం. పాత వాహనాల పునరుద్ధరణ గురించి మాట్లాడిన ప్రతిసారీ నన్ను చికాకు పెట్టే మాట ఒకటి ఉంది. "సరుకుల బండే కదా, లోపల ఏముంటుంది? తర్వాత ఎవరో బిగించిన సీట్లు పీకేసి, బయట రంగు వేస్తే పాత రూపం వచ్చేసినట్లే" అంటారు. ఖాళీగా కనిపించే ఆ లోపలి భాగమే అటువంటి బండిలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి చేసిన భాగం. దాన్ని తిరిగి తేవడమే అన్నిటికన్నా కష్టం. ఎందుకో ఒకే ఒక్క బండిని ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

[తెరపై: పసుపు రంగు ఫ్రిడోలిన్, పక్క తలుపు తెరిచి ఉన్న చిత్రం]

ఇది వోక్స్‌వ్యాగన్ టైప్ 147. ఫ్రిడోలిన్ అన్న ముద్దుపేరుతోనే దీన్ని ఎక్కువమంది గుర్తుపడతారు. 1964 నుంచి 1974 వరకు పశ్చిమ జర్మనీలోని వీడెన్‌బ్రూక్‌లో వెస్ట్‌ఫాలియా కంపెనీ దీన్ని తయారు చేసింది. బీటిల్ కార్లు రెండు కోట్ల పది లక్షలకు పైగా తయారైతే, ఇవి మొత్తం సుమారు 6,100 మాత్రమే. దీని అడుగుభాగం కార్మన్ గియా కారుది, వెనుక ఉండే 34 హార్స్‌పవర్ ఇంజను బీటిల్‌ది, ముందు బానెట్, దీపాలు టైప్ 3 కారువి, వెనుక పైకి లేచే తలుపు వోక్స్‌వ్యాగన్ వ్యానుది. భాగాలు ఎక్కడెక్కడివో తెచ్చినా, వాటిని కూర్చిన తీరుకు మాత్రం ఒకే లక్ష్యం ఉంది. జర్మన్ తపాలా శాఖ తనకు కావలసినదేమిటో స్పష్టంగా చెప్పింది: కనీసం రెండు ఘనపు మీటర్ల సరుకు చోటు, రెండు పక్కలా జరిగే తలుపులు, ఉత్తరాలూ పొట్లాలూ సులువుగా చేతికందే వీలు.

ఈ మూడు షరతుల అర్థం తెలియాలంటే మన వంటింట్లోని పోపుల డబ్బాను తలచుకోండి. నూనె కాగుతుండగా ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో, మెంతులు ఏ గిన్నెలో ఉన్నాయో కన్ను వెతకదు, చెయ్యే నేరుగా వెళ్ళి అందుకుంటుంది. అదే డబ్బాను ఎవరో తీసుకెళ్ళి, గిన్నెలు తీసేసి, బొత్తాములూ దారపుండలూ పోసి పదేళ్ళు వాడుకున్నారనుకుందాం. దాన్ని తిరిగి వంటింట్లో పెట్టాలంటే బొత్తాములు పారబోయడంతో పని పూర్తి కాదు, ఎందుకంటే అప్పుడు మన చేతిలో మిగిలేది ఉత్త డబ్బా. అందులో ఏ గిన్నె ఎక్కడ ఉండేదో, ఆ వరుస ఏ చేతి అలవాటును బట్టి ఏర్పడిందో తెలిస్తేనే అది మళ్ళీ పోపుల డబ్బా అవుతుంది.

ఫ్రిడోలిన్‌లో ఆ చెయ్యి పోస్ట్‌మ్యాన్‌ది. రోజంతా బండి ఆపడం, దిగడం, ఉత్తరం అందించడం, ఎక్కడం అతని పని. ఇరుకు వీధిలో తలుపు బయటికి తెరుచుకుంటే గోడకో సైకిల్‌కో తగులుతుంది కాబట్టి తలుపు పక్కకు జరగాలి. జర్మనీలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. అందువల్ల కాలిబాట వైపు ఉండే కుడి తలుపుకూ అతని సీటుకూ మధ్య అడ్డేమీ ఉండకూడదు. అక్కడ ఎవరైనా మంచి కుషన్ సీటు బిగించారంటే ఆ దారి మూసేశారన్నమాట.

ఇక నేల. ఇంజను వెనుక ఉంది కాబట్టి సరుకు చోటు సమతలంగా లేదు. సీటు వెనుక లోతైన భాగం ఉంటుంది, ఇంజను మీద ఎత్తయిన అరుగు వంటి భాగం ఉంటుంది. లోతైన భాగానికి పక్క తలుపులు దారి, అరుగుకు వెనుక తలుపు దారి. బరువైన పొట్లాలను రెండు ఇరుసుల మధ్య కింద పెట్టి, తేలికైనవాటిని పైన సర్దుకునే వీలు ఈ ఎత్తుపల్లాల వల్లే కలిగింది. ఇటువంటి బండిని పడక బండిగా, అంటే లోపలే పడుకుని ప్రయాణించే క్యాంపర్‌గా, మార్చాలనుకునేవారు ఈ రెండు మట్టాలనూ చెక్కతో కప్పి సమం చేస్తారు, పక్క రేకును కోసి కిటికీలు పెడతారు, వెనుక బెంచీ బిగిస్తారు. నిద్రపోవడానికి అది సౌకర్యమే కావచ్చు, కాని అరుగూ పల్లమూ కలిసి చేసిన పని ఆ చెక్క కింద కనబడకుండా పోతుంది.

మరి అసలు అమరికను తెలుసుకోవడం ఎలా? మళ్ళీ పోపుల డబ్బా దగ్గరికే వద్దాం. గిన్నెలు పోయినా, అవి ఏళ్ళ తరబడి ఒరుసుకున్న చోట డబ్బా అడుగున గుండ్రటి గీతలు ఉంటాయి. బండిలోనూ అటువంటి గుర్తులే మొదటి సాక్ష్యం. అందుకే ఏదీ విప్పకముందు, ఏదీ కడగకముందు ప్రతి మూలకూ కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయాలి. శుభ్రం చేయడంతో పని మొదలుపెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వారు తుడిచేసేది మురికి ఒక్కటే కాదు.

[తెరపై: రెండు రంధ్రాల దగ్గరి చిత్రాలు, పక్కపక్కన]

ఈ రెండు రంధ్రాలను చూడండి. మొదటిది ఫ్యాక్టరీలో అచ్చుతో కొట్టినది. రంగు వేయకముందే కొట్టారు కాబట్టి దాని అంచు చుట్టూ లోపలి దాకా అసలు రంగు పట్టి ఉంటుంది. రెండోది తర్వాత డ్రిల్లుతో వేసినది. దాని అంచు గరుకుగా ఉంటుంది, లోపల అసలు రంగు ఉండదు, ఉత్త ఇనుమో తుప్పో కనిపిస్తుంది. వెల్డింగు కూడా ఇలాగే మాట్లాడుతుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు సమాన దూరంలో చిన్న గుండ్రటి గుంటలుగా ఉంటుంది, షెడ్డులో చేసిన వెల్డింగు పొడవాటి గట్టులా పొంగి ఉంటుంది. ఈ రెండు తేడాలనూ పట్టుకుంటే ఏ బ్రాకెట్ పుట్టుకతో వచ్చిందో, ఏది తర్వాత అతికించారో చాలావరకు తేలిపోతుంది.

రంగు విషయంలో ఒక చోట రూపాయి బిళ్ళంత మేర సన్నటి నీటి సానకాగితంతో నెమ్మదిగా రుద్దుకుంటూ వెళ్ళాలి. పొరలన్నీ ఒకదాని లోపల ఒకటి వలయాలుగా బయటపడతాయి, అన్నిటికన్నా లోపలిది ప్రైమరు, దాని మీదిది మొదటి రంగు. తలుపు జరిగే పట్టాల లోపల, డ్యాష్‌బోర్డు కింద రెండోసారి రంగు వేసేవారి చెయ్యి సాధారణంగా చేరదు కాబట్టి అక్కడా చూడాలి.

ఇక్కడ ఒక తొందరపాటును గట్టిగా వ్యతిరేకిస్తాను. ఫ్రిడోలిన్ అనగానే పసుపు పూసి తపాలా కొమ్ముబూర గుర్తు వేసేస్తారు. అన్ని ఫ్రిడోలిన్‌లూ తపాలా శాఖవి కావు. తపాలా శాఖవైనా అన్నీ జర్మనీవి కావు, సుమారు 1,200 బండ్లు స్విట్జర్లాండ్ తపాలా శాఖకు వెళ్ళాయి, వాటి సామగ్రిలో తేడాలున్నాయి. స్విస్ బండిని చూసి జర్మన్ బండిని సర్దడం, పక్కింటివారి పోపుల డబ్బా వరుసను మన డబ్బాలో దించడమే. రెండూ పోపుల డబ్బాలే, రెండూ సరైనవే, కాని చేతులు వేరు. కాబట్టి ముందు ఛాసిస్ నంబరు ఆధారంగా వోక్స్‌వ్యాగన్ కేంద్రమైన వోల్ఫ్స్‌బర్గ్ నుంచి తయారీ వివరాల పత్రం తెప్పించుకోవాలి. పసుపులోనూ ఒకే ఛాయ లేదు. జర్మన్ తపాలా శాఖ 1970ల తొలి ఏళ్ళలో ర్యాల్ అనే జర్మన్ రంగుల పట్టికలోని 1005 నంబరు ఛాయ నుంచి 1032 నంబరు ఛాయకు మారింది.

"మధ్యలో చేసిన మార్పులు కూడా చరిత్రే కదా, వాటిని ఎందుకు తీసేయాలి?" అని మీరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. ఫ్రిడోలిన్ తయారీ మొదలైన 1964లోనే కట్టడాల పరిరక్షణకు వెనిస్ ఒప్పంద పత్రం వెలువడింది. ప్రతి కాలం చేర్చినదానికీ విలువ ఉందని అది చెబుతుంది, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని కూడా అదే చెబుతుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా, పాత వాహనాల పరిరక్షణ సూత్రాలతో తన ట్యూరిన్ పత్రాన్ని రూపొందించుకున్నది ఈ దారిలోనే. నా అభిప్రాయం ఇది: పడక బండ్లు ఎన్నో మిగిలాయి, పోస్ట్‌మ్యాన్ చేతికి అమర్చిన ఫ్రిడోలిన్‌లు కొద్దిగానే మిగిలాయి, కాబట్టి ఆధారం దొరికినంత మేర వెనక్కి వెళ్ళాలి. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి భద్రపరచాలి. ఆధారం లేని చోట కొత్తగా కల్పించకుండా ఆ చోటును అలాగే వదిలేయాలి.

సమయం దగ్గర పడింది, మిగిలినవి త్వరగా చెబుతాను. ఇంజను, బ్రేకుల విషయంలో దిగులు లేదు, బీటిల్ భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. పక్క రేకులు, జరిగే తలుపులు, వాటి పట్టాలు మాత్రం ఈ బండికే ప్రత్యేకం. వాటిని మార్చాలన్న ఆలోచన మానుకుని, తుప్పు తిన్నంత మేరకే కోసి, అదే మందం రేకును చేత్తో మలచి అతకాలి. కిటికీ కోసిన చోట రేకు వేసేటప్పుడు వేడికి వంకరపోకుండా ఒక్కొక్క చుక్కగా, చోటు మార్చుకుంటూ, చల్లారనిస్తూ వెల్డింగు చేయాలి. తలుపు బిగించాకే దాని పట్టా వెల్డింగు పూర్తి చేయాలి, లేకపోతే తలుపు ఇరుక్కుంటుంది. వైరింగులో గోధుమరంగు తీగ ఎర్తుకు వెళ్తుంది, తర్వాత చేర్చిన తీగలను ఆ లెక్కతో విడదీయవచ్చు. చివరగా, కొత్తగా చేసిన ప్రతి రేకుకూ లోపలి వైపు, రంగు వేయకముందే, చేసిన సంవత్సరాన్ని అచ్చుతో కొట్టండి. రేపు ఈ బండిని విప్పేవారు మన రేకును వెస్ట్‌ఫాలియా రేకు అనుకోకూడదు.