పండ్ల ఆకారాలను బట్టి పేర్లు పెట్టిన వైద్య పదాలు

నమస్కారం. ఎక్స్‌రేలోనో, స్కాన్‌లోనో, మైక్రోస్కోప్ కిందనో కనిపించిన ఆకారానికి పండు పేరు పెట్టడం వైద్యంలో పాత అలవాటు. ఈ పేర్లను బట్టీ పట్టడం తేలికే కానీ, ఆ ఆకారం ఎందుకు ఏర్పడిందో తెలిస్తేనే అవి అక్కరకు వస్తాయి.

తెరపై కనిపిస్తున్న చర్మాన్ని గమనించండి. మందంగా, చిన్న చిన్న గుంటలతో నారింజ తొక్కలా ఉన్న ఈ రూపాన్ని ఫ్రెంచిలో 'పో దొరాంజ్' అంటారు. రొమ్ము క్యాన్సర్ కణాలు చర్మంలోని శోషరస నాళాలను (కణజాలంలోని అదనపు ద్రవాన్ని తీసుకెళ్లే లింఫ్ గొట్టాలను) మూసివేసినప్పుడు ద్రవం నిలిచిపోయి చర్మం ఉబ్బుతుంది. వెంట్రుకల కుదుళ్ల దగ్గర మాత్రం చర్మం లోపలికి పట్టి ఉండటం వల్ల, పైకి లేవలేక గుంటలు పడతాయి. ఇన్ఫెక్షన్‌తో వచ్చిన వాపులోనూ ఈ రూపం కనిపించవచ్చు కనుక, చూడగానే క్యాన్సర్ అని తేల్చేయకూడదు.

'యాపిల్ కోర్' అన్నది నిజానికి పండు కాదు, తినగా మిగిలిన నడిమి భాగం. పెద్దపేగు లోపల గడ్డ ఉంగరంలా చుట్టూ పెరిగితే దారి సన్నబడుతుంది. మలద్వారం గుండా బేరియం ద్రవం ఎక్కించి తీసే 'బేరియం ఎనీమా' ఎక్స్‌రేలో ఆ ఇరుకు దారి, దాని రెండు చివరల్లో పొడుచుకొచ్చిన అంచులు అచ్చం అలాగే కనిపిస్తాయి.

గర్భస్థ శిశువు స్కాన్‌లో రెండు పండ్లు జంటగా ఎదురవుతాయి. వెన్ను మూసుకోని ఓపెన్ స్పైనా బైఫిడాలో చిన్నమెదడు కిందికి లాగబడి, అరటిపండులా వంగి 'బనానా సైన్'గా కనిపిస్తుంది. నుదుటి ఎముకలు రెండు వైపులా లోపలికి నొక్కుకుపోతే అది 'లెమన్ సైన్'; ఇక్కడ మన గుండ్రటి నిమ్మకాయను కాక, కొన సాగిన లెమన్‌ను ఊహించుకోవాలి. 24 వారాలు దాటాక ఈ లెమన్ ఆకారం తరచుగా మాయమవుతుంది కాబట్టి, ఆలస్యంగా తీసిన స్కాన్‌లో అది లేనంత మాత్రాన లోపం లేదని చెప్పలేం.

కొండనాలుకకు 'యూవ్యులా' అన్న పేరు లాటిన్‌లో ద్రాక్ష నుంచే వచ్చింది. ద్రాక్షగుత్తికి గ్రీకు పదం మాత్రం స్కాట్లాండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో ఒక బ్యాక్టీరియాకు పెట్టిన 'స్టెఫైలోకాకస్' పేరులో ఉంది. ఈ బ్యాక్టీరియా ఒకటికి మించిన దిశల్లో చీలుతూ, విడిపోకుండా అంటిపెట్టుకొని ఉండటం వల్ల గుత్తులు కడుతుంది. ఒకే దిశలో చీలే స్ట్రెప్టోకాకస్ గొలుసులా సాగుతుంది.