ఇంట్ల లైటు కింద నారు ఆగిపోయిందా? మూడు అరల ఎల్‌ఈడీ రాక్ కిట్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోల చూపించేది మూడు అరల రాక్ కిట్. ఆన్‌లైన్‌ల "నారు కిట్" అని కొడితే పది పేర్లతోని వస్తది, లోపల సామాను మాత్రం దాదాపు ఒక్కటే. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు అరలు మూడు. అరకొక ఎల్‌ఈడీ బోర్డు. టైమరు, హీట్ మ్యాట్, ప్లాస్టిక్ మూతలు, 98 గుంతల ప్రోట్రేలు, కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు. తీర్పు ముందే చెప్తున్న: రాక్, లైటు, టైమరు తీసుకోవచ్చు. హీట్ మ్యాట్ మన దగ్గర ఏడాదిల రెండు నెలలకు మించి అక్కరకు రాదు. ఇచ్చిన కోకోపిట్‌ను కడగకుండ వాడొద్దు. కావాల్సిన రెండు వస్తువులైతే కిట్ల లేనే లేవు, ఒక చిన్న ఫ్యాను, నీళ్ళు చూసే మీటరు.

కొన్నోళ్ళందరి మాట ఒక్కటే: "మొలక వచ్చింది, రెండు ఆకులేసింది, అక్కడ్నే నిలబడ్డది. లైటు సాలదా?" మన నల్గొండ, పాలమూరు దిక్కు పది ట్రేలు చూస్తే ఏడెనిమిదింటిల తప్పు లైటుది కాదు, వేరుది. వేరుకు పోసే నీళ్ళది.

అసలు ఆలస్యమైందా లేదా, ముందు అది తేల్చుకోవాలె. టమాట 5 నుంచి 7 రోజులల్ల మొలుస్తది, 25 రోజులకు నాటేటట్టు తయారైతది. మిర్చి మొలిచేతందుకే 8 నుంచి 10 రోజులు, నాటేతందుకు 40 దాక పట్టొచ్చు. మిర్చి మొదటి రెండు వారాలు పైన కదలనట్టే కనపడ్తది, కింద వేరు పెడ్తది. మిర్చికి టమాట లెక్క పెట్టి రోజూ నీళ్ళు, మందు ఎక్కువ పోసి చంపుకునేటోళ్ళే ఎక్కువ. విత్తనం ప్యాకెటు మీద టెస్ట్ చేసిన తేదీ ఉంటది, అక్కడ్నుంచి 9 నెలల గడువు. దాటిన విత్తనం మొలిచినా బలం తక్కువ. దాన్ని లైటు మార్చి బాగుచెయ్యలేం.

ఇగ లైటు. డబ్బా మీద 1000 వాట్లు అని రాసుంటది. ప్లగ్గుకు పెట్టే వాట్ మీటరుతోని చూస్తే ఈ బోర్డు 100 దగ్గర గుంజుతున్నది. మోసమే గని, నారుకు మాత్రం సాల్తది. నారుకు చదరపు మీటరుకు సెకనుకు 150 నుంచి 250 మైక్రోమోల్ వెలుగు కావాలె, రోజుకు 14 నుంచి 16 గంటలు. ఆ మైక్రోమోల్ కొలిచే మీటరు ఖరీదు, అందరూ కొనరు. ఫోన్ల వెలుగు కొలిచే లక్స్ యాప్ ఉంటది కదా, తెల్ల ఎల్‌ఈడీ అయితే వచ్చిన లక్స్‌ను 70తోని భాగించండి. 14,000 లక్స్ వస్తే 200 అనుకోండి. పక్కా లెక్క కాదు, కానీ అర నడుమ, అంచు మధ్య తేడా పట్టేతందుకు సరిపోతది. ఈ బోర్డు కింద అంచుల దగ్గర నడుమ వెలుగుల సగం కూడ లేదు. ఒక్కో అరల నాలుగు ట్రేలు పడ్తయి, రెండు రోజులకొకసారి జాగ మార్చండి. ఊదా రంగు వెలుగు బోర్డులకు ఈ 70 లెక్క పనికిరాదు. ఆ వెలుగుల ఆకు పచ్చగున్నదో పసుపెక్కిందో కంటికి కనపడనే కనపడదు, అందుకే ఆ రకం బోర్డు వద్దంటున్న.

లైటు తక్కువైతే మొక్క ఆగదు, సాగుతది. కాడ సన్నగ, పొడుగ్గ, తెల్లగ లేచి పక్కకు వంగుతది. మరీ ఎక్కువైతే పొట్టిగ, ఆకులు కిందికి ముడుచుకోని, ముదురు రంగుల ఉంటది. మీ నారు సాగకుండ, మాడకుండ, ఊరికె అంతే ఉన్నదంటే బోర్డును ముట్టుకోకండి. బోర్డు, ఆకుల నడుమ 40 సెంటీమీటర్లు పెట్టి వదిలెయ్యండి.

ఇప్పుడు వేడి చూద్దాం. కిట్ల ఒక తప్పున్నది. లైటు డ్రైవరును, అంటే బోర్డుకు కరెంటు సర్దే డబ్బాను, పై అర కింది భాగానికి బిగించిండ్రు. దాని వేడి పైన ట్రేకు కిందికెల్లి తగుల్తది. థర్మామీటరు ముల్లు కోకోపిట్ల గుచ్చి చూడండి, డ్రైవరు మీద పడ్డ నాలుగైదు గుంతలు మిగతా వాటికన్న వేడిగుంటయి, తొందరగ ఎండుతయి. ఒక్క ట్రేలనే మచ్చలెక్క కొన్ని మొక్కలు చిన్నగున్నయంటే కారణం ఇదే. నాలుగు స్క్రూలు ఇప్పి డ్రైవరును రాక్ పక్క కడ్డీకి కట్టెయ్యండి. కరెంటు తీగ కిందికి వంపు తిరిగి ఉండాలె, ట్రేల కెల్లి కారిన నీళ్ళు తీగ పట్టుకోని డ్రైవరు మీదికి రావద్దు.

హీట్ మ్యాట్ ముచ్చట. దీనికి థర్మోస్టాట్, అంటే వేడి చాలినంక దానంతటదే ఆపేది, లేదు. పెట్టిన జాగ కన్న 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ చేస్తది, అంతే. డిసెంబరు, జనవరి రాత్రుల్ల గది 18కి దిగినప్పుడు మిర్చి, క్యాప్సికం మొలిచేతందుకు మంచిదే. అదే ఫిబ్రవరి దాటినంక గది 30 ఉంటే కోకోపిట్ 38 అయితది, విత్తనం ఉడుకుతది. మొలకలు సగం లేవంగనే మ్యాట్, మూత రెండూ తియ్యండి. మూత అట్లనే ఉంచితే ఆకుల కెల్లి నీరు ఆవిరి కాదు. అది కాకపోతే వేరు గుంజదు, క్యాల్షియం కొత్తాకు దాక రాదు.

ఎండకాలం ఒక ఉపాయం. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం గదే 38 ఉంటది, దాని మీద లైటు వేడి ఎందుకు? టైమరును సాయంత్రం 6 నుంచి పొద్దున 10 దాక పెట్టండి. మొక్కకు పగలు అంటే లైటున్న టైమే. ఫ్యాను ఆకులు కొంచెం కదిలేటట్టు తిరిగితే చాలు, ముఖం మీద కొట్టినట్టు పెట్టొద్దు.

ఇగ అసలు ముచ్చటకు వస్తున్న, నీళ్ళు, వేరు. ఇక్కడ కొంచెం సేపు ఆగుతం.

ఈ ట్రేను కిచెన్ త్రాసు మీద పెడ్తున్న. నిండా తడిపి, కింద చుక్క పడుడు ఆగినంక తూకం 2,000 గ్రాములు. దీనికి మళ్ళ నీళ్ళు ఎప్పుడంటే, 1,400కు దిగినంక. పైన పొర ఎండిందని వేలితోని తాకి రోజూ పోస్తరు, కానీ పైన ఎండినా అడుగున చిత్తడి ఉంటది. గుంత లోతు నాలుగైదు సెంటీమీటర్లే కాబట్టి అడుగు సగం ఎప్పుడూ నీళ్ళతోనే నిండుంటది, వేరుకు గాలాడదు. ఇప్పుడు ఒక మొక్కను కాడ పట్టి గుంజకుండ, గుంత అడుగు రంధ్రంల కెల్లి పెన్సిలుతోని పైకి నెట్టి తీస్తున్న. చూడండి, వేరు తెల్లగ పక్కలకు పాకి పిట్టు, అంటే కోకోపిట్ మొత్తాన్ని పట్టుకున్నదంటే బాగున్నట్టు. ఈ పక్కది చూడండి. వేరు పైన రెండు సెంటీమీటర్ల దగ్గరే ఆగింది, కొన గోధుమ రంగు, పిట్టు చేతిల విడిపోయింది. పైన రెండింటి ఆకులు ఒక్క తీరే ఉన్నయి. వారం తర్వాత తేడా తెలుస్తది. అందుకే ఆకు చూసి కాదు, వేరు చూసి తీర్పు చెప్పాలె.

పిట్టు మీద పాచి, చిన్న నల్ల ఈగలు తిరుగుతున్నయంటే తడి ఎక్కువున్నట్టే. ఆ ఈగల పిల్లలు లేత వేర్లు తింటయి. పసుపు జిగురు అట్టలు పెట్టండి, ముఖ్యంగ పిట్టు ఆరనియ్యండి. మొలక కాడ మట్టి దగ్గర మెత్తబడి పడిపోతుంటే అది నారుకుళ్ళు. పడ్డ గుంతలు తీసేసి, మిగతా ట్రేకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పిట్టు తడిసేటట్టు పొయ్యండి.

సరే, పోసుడు సరి చేసినా ఎదగదు. అప్పుడు నీళ్ళు ఎసొంటియో చూడాలె. నల్గొండ అనంగనే ఫ్లోరైడ్ అంటరు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఆ బాధ ఎంతదో అందరికి తెలుసు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరున్నది. కానీ టమాట, మిర్చి నారును ఆపేది ఎక్కువ శాతం ఫ్లోరైడ్ కాదు, అదే బోరుల ఉండే బైకార్బొనేటు. గీజరుల, బకెట్ అంచుకు తెల్లగ పేరుకునేది దాని గుర్తే. 98 గుంతల ట్రేల ఒక్కో మొక్కకు పాతిక మిల్లీలీటర్ల పిట్టు కూడ దక్కదు. ఆ కొంచెం పిట్టుల రోజూ సున్నమసొంటిది పోస్తే రెండు వారాలల్ల పీహెచ్ (పులుపు, సున్నం గుణం చెప్పే లెక్క) 7 దాటుతది, ఇనుము ఉన్నా వేరుకు అందదు. కొత్తాకు పసుపు, ఈనెలు పచ్చ, ఎదుగుదల బంద్. పాతాకు పసుపైతే అది వేరే లెక్క, నత్రజని తక్కువ.

పీహెచ్ మీటరు ఒక్కటి పెట్టి నీళ్ళు మంచియి అనుకోవద్దు. బైకార్బొనేటు ఎంతున్నదో చూసేతందుకు చేపల అక్వేరియం దుకాణంల కేహెచ్ టెస్ట్ కిట్ దొరుకుతది. చాలా కిట్లల 5 మిల్లీలీటర్ల నీళ్ళకు చుక్కలు ఏసుకుంట రంగు మారేదాక లెక్కపెట్టాలె, ఒక్క చుక్క అంటే క్యాల్షియం కార్బొనేట్ లెక్కల లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాములు. 5, 6 చుక్కల దాక ప్రోట్రేకు పర్వాలేదు. 10 దాటితే ఆ నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు పొయ్యొద్దు.

ఏం చెయ్యాలె? ఇంటికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళొస్తే ముందు ఆ నీళ్ళనే పరీక్ష చెయ్యండి, బోరు కన్న ఎంతో తేలికగ ఉంటయి. లేదంటే ఆర్వో ఫిల్టరు నీళ్ళు సగం, బోరు నీళ్ళు సగం. ఒక్క ఫిల్టరు నీళ్ళే పోస్తే క్యాల్షియం, మెగ్నీషియం ఉండవు, అది ఇంకో తలనొప్పి. ఫిల్టరు మిషన్ బయటికి వదిలే నీళ్ళు మొక్కలకు పోస్తరు చూడండి, పారబోసుడు ఎందుకని, నారుకు అది మాత్రం వద్దు. ఉప్పంతా దాంట్లనే ఉంటది.

బోరు తప్ప దిక్కు లేదంటే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కేహెచ్ టెస్ట్‌ల 15 చుక్కలు పట్టిన నీళ్ళైతే, 10 లీటర్లకు సుమారు 3 గ్రాములు పడ్తది. ముందు 2 గ్రాములు ఏసి కలిపి, పది నిమిషాలాగి పీహెచ్ చూసి, అర గ్రాము చొప్పున పెంచండి. 6.0 నుంచి 6.3 మధ్య ఆపండి. కలిపిన నీళ్ళు ఆ రోజే వాడాలె. నిలవుంచితే సూక్ష్మజీవులు సిట్రిక్‌ను తినేస్తయి, పీహెచ్ మళ్ళ పైకి పోతది. పీహెచ్ మీటరును నెలకోసారి బఫర్ పొడులతోని (పీహెచ్ ముందే తెలిసిన పొడులు) సరిచూడండి, లేకుంటే అది చెప్పేది నమ్మేది కాదు.

పసుపెక్కినయని అన్నభేది పోస్తరు. సున్నపు నీళ్ళల అది తుప్పు రంగు తిరిగి అడుగుకు పోతది, మొక్కకు దక్కేది సున్నా. ఈడీడీహెచ్ఏ రకం ఇనుము 10 లీటర్లకు 1 గ్రాము కలిపి ఒకసారి పొయ్యండి. అది పీహెచ్ 7 దాటినా నిలుస్తది.

కోకోపిట్ కడుగుడు గురించి: 650 గ్రాముల ఇటుకకు 5 లీటర్ల నీళ్ళు, 20 గ్రాముల క్యాల్షియం నైట్రేట్. రాత్రంతా నాననిచ్చి పిండి, మంచి నీళ్ళతోని రెండుసార్లు కడగాలె. పిండిన నీళ్ళ టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క), పోసిన నీళ్ళ కన్న 200కు మించి ఎక్కువ ఉండొద్దు. కడగని పిట్టుల సోడియం, పొటాషియం పట్టుకోనుంటయి. వాటిని వదిలేటప్పుడు పిట్టు మనం ఇచ్చే క్యాల్షియంను గుంజుకుంటది.

ఎరువు మొదటి అసలు ఆకు కనపడ్డంకనే. 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉండే ఎరువు) లీటరుకు అర గ్రాము, ఐదారు రోజులకొకసారి. రెండు జతల ఆకులైనంక గ్రాము. సంచి మీద చదవండి, దాంట్ల నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంల ఉంటది. కొత్త కోకోపిట్ల దాన్ని మార్చే సూక్ష్మజీవులు తక్కువ, అందుకే ఫలితం ఆలస్యం. నడుమ ఒకసారి క్యాల్షియం నైట్రేట్ అర గ్రాము ఇయ్యండి, వేరే రోజు. రెండింటిని చిక్కగ ఒక్క బాటిల్ల కలిపితే తెల్లగ విరిగిపోతది.

ఇయ్యన్ని ఒక్కనాడే మార్చొద్దు, ఏది పనిచేసిందో తెల్వదు. ట్రే నడుమ టేపు గీసి, ఒక సగానికి పాత నీళ్ళే, ఇంకో సగానికి సరిచేసిన నీళ్ళు. లైటు, ఎరువు ఒక్కటే. 7, 8 రోజులు చూడండి. పసుపెక్కిన పాత ఆకును చూసుడు కాదు, ఆ తర్వాత వచ్చిన ఆకును చూడాలె. సరిచేసిన సగంల కొత్తాకు పచ్చగ, కొంచెం వెడల్పుగ వచ్చిందంటే మీ కారణం నీళ్ళే. రెండు సగాలు ఒక్క తీరే ఉంటే పెన్సిలు పట్టి వేరు తీసి చూడండి. వేరు గోధుమ రంగుల ఉండి, మొలిచి మూడు వారాలు దాటినా రెండాకుల మీదనే ఉన్న మిర్చిని ఇగ కాపాడుకుంట కూసోవద్దు. తేరుకున్నా పొలంల వెనకబడ్డ మొక్కే అయితది. ట్రే కడిగి, సరిచేసిన పిట్టు నింపి, మళ్ళ ఏసుకోండి.