రెండడుగుల చెక్క మీద బ్రాడ్‌గేజ్ లైన్: అంతా 87తో భాగించడమే

[క్లోజప్: అరచేతిలో చిటికెడు బూడిదరంగు పొడి. వేలితో కదిపితే గింజలు విడివిడిగా కనిపిస్తాయి.]

ఇది రైల్వే కంకర. నిజమైన రాయే, కాకపోతే 87 రెట్లు చిన్నది.

నమస్తే అండి. ఇవాళ మోడల్ రైళ్లకు వాడే హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87లో, మన రైల్వే లైన్ ముక్క ఒకటి చేద్దాం. రైలు పరిగెత్తక్కర్లేదు. ఒక ఇంజన్ నిలబడాలి, చూసినవాళ్లు ఫొటో అనుకోవాలి, అంతే.

[పాత ఫొటో: ఇంజన్ కింద గులకరాళ్లు]

ఇది నా మొదటి ప్రయత్నం. అక్వేరియంలో వేసే సన్న రాళ్లు కొని పోశాను. ఇంట్లో అందరూ బాగుందన్నారు. ఫొటో తీస్తే బండారం బయటపడింది. రాయి రెండున్నర మిల్లీమీటర్లు ఉంది. 87తో గుణించండి, 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఒక్కోటీ పీచు తీయని కొబ్బరికాయంత! అసలు కంకర దాదాపు అంతా 65 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగిపోవాలి. మన స్కేలులో అది ముప్పావు మిల్లీమీటరు.

అందుకే క్రషర్ డస్ట్, అంటే రాళ్లు పగలగొట్టే మిషన్ దగ్గర మిగిలే రాతిపొడి, తెచ్చాను. ఇల్లు కట్టే చోట అడిగితే గుప్పెడు ఇస్తారు. టీ జాలీలో జల్లించి, మరీ మెత్తటి పొడి పోయేలా కడిగి ఆరబెట్టండి. తర్వాత కాగితం మీద పరిచి ఒకసారి అయస్కాంతం తిప్పండి. ఇనుప రేణువులుంటే ఇంజన్ మోటారులోకి చేరతాయి.

[స్కేలు పెట్టి పట్టాల మధ్య దూరం కొలుస్తూ]

ఇక్కడో చిక్కుంది. షాపులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676. అంటే 19.3 రావాలి. పట్టాలు విడిగా కొని చేత్తో వేసుకునే ఓపికమంతులున్నారు, దండం పెట్టాలి. కానీ అప్పుడు ఇంజన్ చక్రాలూ మార్చాలి. నేను 16.5తోనే సర్దుకుపోతాను. కెమెరా పక్కనుంచి పెడితే తెలియదు. ఎదురుగా పెట్టారో, రైల్వేలో పనిచేసిన మామయ్య ఎవరో ఒకరు పట్టేస్తారు.

స్లీపర్ల దగ్గర, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల దగ్గర, మాత్రం రాజీ వద్దు. మన మెయిన్ లైన్లలో సాధారణంగా కిలోమీటరుకు 1660 కాంక్రీటు స్లీపర్లు, అంటే సుమారు 60 సెంటీమీటర్లకు ఒకటి. మనకు 7 మిల్లీమీటర్లు. ఫ్లెక్స్ ట్రాక్ (వంచుకోగలిగే రెడీమేడ్ మోడల్ పట్టా) అడుగున స్లీపర్లను కలిపే ప్లాస్టిక్ ముక్కలు కోసేస్తే, వాటిని జరిపి ఎడం సరిచేయొచ్చు.

[చెక్క మీద 3 మిల్లీమీటర్ల కార్క్ షీట్, దానిపై పట్టా అతికిస్తూ]

కంకర పోయకముందే రంగులు. స్లీపర్లకు దుమ్ము పట్టిన సిమెంటు రంగు, పట్టాల పక్కలకు ముదురు గోధుమరంగు. తుప్పు అనగానే నారింజ రంగు పూయకండి, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఒకసారి కిందికి చూడండి. డీజిల్ ఇంజన్ ఆగే చోట పట్టాల మధ్య నల్లటి నూనె మరక వేయండి. బయో టాయిలెట్లు రాకముందు నాటి స్టేషన్ చేస్తున్నారా? అక్కడ మధ్యలో ఏ రంగుండేదో నేను చెప్పక్కర్లేదు.

[క్లోజప్: చెంచాతో కంకర, మెత్తటి కుంచె]

చెంచాతో పోసి, కుంచెతో సర్ది, చెంచా కాడతో పట్టా మీద టకటకా కొట్టండి. స్లీపర్ల మీద నిలిచిన గింజలు కిందికి జారతాయి. ఇప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లు స్ప్రే చేయండి. ఇది మానేస్తే ఏమవుతుందో చూడండి.

[ఇంక్ ఫిల్లర్‌తో జిగురు చుక్క పొడి కంకర మీద]

చూశారా? చుక్క ఇంకలేదు. ముత్యంలా దొర్లి, గింజలన్నీ ఒంటికి పూసుకుంది. తడిపిన చోట అదే చుక్క క్షణంలో మాయం. జిగురంటే ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు. పాలు ఒలికినట్టు తెల్లగా ఉందని టెన్షన్ పడకండి, ఆరితే కనిపించదు. పట్టాల పైభాగం మాత్రం వెంటనే తుడవండి.

[మర్నాడు ఉదయం]

రైలు పైన కరెంటు తీగ మోసే స్తంభాలు నాలుగు పెడదామని చేతులు దురద పెడతాయి. ఆగండి. తిన్నటి లైన్లో రెండు స్తంభాల మధ్య 72 మీటర్ల దాకా ఉంటుంది. మన రెండడుగుల చెక్క మొత్తం ఈ స్కేలు లెక్కలో 53 మీటర్లే. ఒక్కటి చాలు, అదీ ఒక వారకు.

[గుడ్డతో పట్టా పైభాగం రుద్దితే సన్నటి వెండిగీత మెరుస్తుంది. ఇంజన్ ఆ గీత మీదకు వచ్చి నిలబడుతుంది.]