కప్లింగ్ దగ్గర వేలు పెట్టకండి

వేదిక మీది పెద్దలకు, బోధకులకు, ఫిట్టర్, మెకానిక్ డీజిల్ ట్రేడుల విద్యార్థులకు నమస్కారం. విశ్వకర్మ జయంతి నాడు పానాలకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుకునే ఆచారం మనది. ఆ పూజ ముగిశాక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు కనుక, ముప్పై ఏళ్లు నా చేతుల మీదుగా నడిచిన ఒక చిన్న వస్తువు గురించే చెబుతాను.

ఇది అర అంగుళం హైడ్రాలిక్ హోస్, అంటే యంత్రాల్లో ఒత్తిడితో నూనెను మోసే గొట్టం, దాని చివర. గొట్టాన్ని యంత్రానికి కలిపే కప్లింగ్‌తో సహా నిలువునా కోయించి తెచ్చాను. లోపల నూనెను తాకే నైట్రైల్ రబ్బరు, దాని మీద జడలా అల్లిన ఉక్కు తీగల పొరలు రెండు, పైన రబ్బరు తొడుగు. ఒత్తిడి భారమంతా మోసేవి ఆ తీగలే. గొట్టంలోకి దిగిన గాడుల ముక్క నిపుల్, పైన కప్పినది ఫెరూల్. క్రింపింగ్ మెషిన్ డైలు చుట్టూ నొక్కినప్పుడు ఫెరూల్ పళ్లు రబ్బరులోకి దిగి, హోస్‌ను నిపుల్ మీద బిగించి పట్టుకుంటాయి. 250 బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 255 కిలోలు. ఈ రంధ్రం వైశాల్యం 1.27 చదరపు సెంటీమీటర్లు. అంటే లివర్ లాగిన ప్రతిసారీ మూడు క్వింటాళ్లకు పైబడిన బలం ఈ కప్లింగును ఊడబెరకాలని చూస్తుంది.

అందుకే క్రింప్ కొలత, అంటే నొక్కాక ఫెరూల్‌కు మిగిలే వ్యాసం, ముఖ్యం. తక్కువ నొక్కితే కప్లింగ్ ఊడుతుంది, ఎక్కువ నొక్కితే నిపుల్ కుంచించుకుపోయి లోపలి రబ్బరు తెగుతుంది. హోస్ ఒక కంపెనీది, ఫెరూల్ మరొక కంపెనీది అయితే చార్టులోని కొలతకు అర్థమే ఉండదు. కప్లింగ్ మీది మరల (థ్రెడ్ల) సంగతీ అంతే. అర అంగుళం బీఎస్‌పీకీ (బ్రిటిష్ పద్ధతి), ఎన్‌పీటీకీ (అమెరికన్ పద్ధతి) అంగుళానికి 14 మరలే ఉంటాయి, కానీ ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. చేతితో నాలుగు చుట్లు ఎక్కింది కదా అని పానా వేసి బిగిస్తే అది ఆనాడు కాకపోయినా వారంలోనైనా కారుతుంది.

కారినప్పుడు ఏం చేస్తారన్నదే నా అసలు బాధ.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసిన రోజుల్లో, ఒక దుకాణంలో వెర్నియర్ (వ్యాసం కొలిచే పరికరం) పెట్టి చూడకుండా నొక్కించిన హోస్‌ను, రాళ్లు తవ్వి ఎత్తే మా ప్రొక్లైనర్‌కు బిగించాం. రెండో రోజే ఫెరూల్ అంచున మంచులాంటి తుంపర కనిపించింది. ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని, ఇంజన్ నడుస్తుండగానే మా హెల్పర్ చూపుడు వేలితో దాని చుట్టూ తడిమాడు. “చీమ కుట్టినట్టుందన్నా” అన్నాడు. వేలి మీద సూది మొనంత చుక్క. నెత్తురు కూడా సరిగా రాలేదు. పని కానిమ్మని చెప్పినవాడిని నేనే. సాయంత్రం ఆసుపత్రిలో ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. తెల్లవారేసరికి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఆ నూనె చర్మం కింద, స్నాయువుల వెంట అరచేతిలోకి పాకిందని పెద్దాసుపత్రిలో కోసి చూశాకే తెలిసింది. వేలు దక్కలేదు.

ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను: లీకు కోసం వేలితో తడిమినవారు చేతులెత్తండి. దించకండి, పక్కవాళ్లను కూడా చూడనివ్వండి. బాబూ, అమ్మా, లీకును అట్టముక్కతో వెతకండి. బిగించే ముందు బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి లోపలి ఒత్తిడిని వదిలించండి. నూనె చర్మంలోకి దూరితే నొప్పి లేకపోయినా గంటల్లోనే ఆపరేషన్ జరగాలి. “ఒత్తిడితో నూనె లోపలికి పోయింది” అని డాక్టరుకు మీరే చెప్పండి, నూనె డబ్బా మీది పేరు రాసుకుని వెళ్లండి. ఆ రోజు మేము ఆ మాట చెప్పలేదు. చెప్పాలని మాకు తెలియదు.

హోస్‌ను మెలిపెట్టకుండా వేయడం, ఫెరూల్ దగ్గరే వంచకుండా కొంత దూరం తిన్నగా పోనివ్వడం మీ బోధకులు నేర్పే ఉంటారు. నేను ఈ కోసిన ముక్కను ఒక వైపు వరుసలకు, కోయని హోస్ ఒకదాన్ని రెండో వైపుకు పంపిస్తున్నాను. ముందు వరుసలోని అమ్మాయి, ఈ వెర్నియర్ తీసుకోండి. కోయని ఫెరూల్ నడుమ మూడు చోట్ల కొలిచి, మూడు కొలతలూ అందరికీ వినపడేలా చదవండి.