సమ్మర్ క్యాంప్ నేమ్ లేబుల్ కిట్ రివ్యూ: మన పేర్లు ఇందులో పడతాయా?

వందనాలండి. ముందే చెప్పేస్తాను, ఈ కిట్ కంపెనీవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. ధర, రంగులు, బొమ్మల డిజైన్లు మీలో చాలామంది వాళ్ళ పేజీలో చూసే వచ్చుంటారు, అవి మళ్ళీ చదవను. పెట్టెలో ఏమున్నాయో మాత్రం చూపిస్తాను: బట్టలకి అంటించేవి 60, బూట్లకి 10, వస్తువులకి పెద్దవి 20, చేతికి కట్టుకునే బ్యాండ్ ఒకటి, చిన్న కార్డులు ఆరు.

ఇది ఎవరి కోసమంటే, అమెరికాలో పిల్లల్ని మొదటిసారి క్రిస్టియన్ ఓవర్‌నైట్ క్యాంపుకి పంపుతున్న మన తెలుగు ఇళ్ళ కోసం. డాలస్ వైపు వాళ్ళయితే టైలర్ దగ్గర పైన్ కోవ్, వ్యాన్ అనే ఊరి దగ్గర స్కై రాంచ్ క్యాంపుల పేర్లు వినే ఉంటారు. చాలామంది దీన్ని మన ఊళ్ళో చర్చిలో బైబిలు కథలు, పాటలు నేర్పే ఎండాకాలం వీబీఎస్‌లాంటిదే అనుకుంటారు. వీబీఎస్‌కి వెళ్ళిన పిల్లలు మధ్యాహ్నం అన్నం టైముకి ఇంటికొచ్చేస్తారు. ఇక్కడ ఆదివారం దింపితే శుక్రవారం దాకా స్నానం, జడ, తడిబట్ట, బైబిలు అన్నీ బిడ్డే చూసుకోవాలి.

అందుకే లేబులు. ఒక క్యాబిన్‌లో ఎనిమిది మందో పది మందో పిల్లలు. అందరి టవళ్ళూ ఇంచుమించు ఒకే షాపువి, అన్నీ ఒకే తాడు మీద ఆరతాయి. మీ అమ్మాయికి తన టవల్ నీలం రంగని తెలుసు, తాడు మీద నాలుగు నీలం టవళ్ళుంటాయి. తనదేదో తేల్చుకోలేని పిల్ల తడి ఒంటితోనే బట్టలేసుకుంటుంది. లేబుల్ మనం వస్తువు పోగొట్టుకోకుండా అనుకుంటాం. నిజానికి అది బిడ్డ ఎవర్నీ అడక్కుండా తన వస్తువు తను తీసుకోవడానికి.

ఇక నాకు చిర్రెత్తుకొచ్చిన చోటుకి వద్దాం. ఒక్కో లేబుల్ మీద ఒక్కటే వరస, ఖాళీలతో కలిపి 20 అక్షరాలు. జాన్ స్మిత్‌కి సగం లేబుల్ మిగిలిపోతుంది. వాళ్ళ ఆర్డర్ పేజీలో మన పేరు ఒకటి కొట్టి చూద్దాం. ఊరికే ఉదాహరణకి, బ్లెస్సీ ఎవాంజలిన్ మద్దిరాల. ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 27. బాక్స్ ఎర్రగా మారిపోతుంది, అంతే. రెండో వరసకి వీల్లేదు, అక్షరం సైజు తగ్గించడానికీ వీల్లేదు. ఇంతకంటే చవక కిట్లలో కూడా రెండు వరసలు ఇస్తున్నారు!

ఏం చేయాలంటే, మధ్య పేరు తీసేసి బ్లెస్సీ మద్దిరాల అని పెట్టండి, 16 అక్షరాలే. అయితే దానికి ముందు క్యాంపు రిజిస్ట్రేషన్ ఫామ్ తెరిచి చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు మొదటి పేరు గడిలో పడిన పిల్లలు మనలో బోలెడుమంది. ఫామ్‌లో కూడా అలాగే నింపితే క్యాబిన్ పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్ చేతి లిస్టులో మీ పాప పేరు మద్దిరాల. ఆదివారం చెక్-ఇన్ దగ్గర బ్యాగు మీద బ్లెస్సీ, లిస్టులో మద్దిరాల. ఫామ్‌లో 'పిలిచే పేరు' అని విడిగా గడి ఉంటే అందులో ఇంట్లో పిలిచేది రాయండి, లేబుల్ మీదా అదే ఉండాలి. పేరు ఒక్కటే వేసి ఊరుకోవద్దు కూడా. క్రిస్టియన్ క్యాంపులో ఒక క్యాబిన్‌లో ఇద్దరు గ్రేస్‌లు ఉండటం వింతేం కాదు. ఇంటిపేరు పట్టకపోతే దాని మొదటి రెండు అక్షరాలైనా పడాలి.

ఇప్పుడు అంటించడం. ఇదిగో, దగ్గరగా చూడండి. ఇది టీషర్టు లోపలి వాష్ ట్యాగ్, నున్నటి శాటిన్ పట్టీ. స్టిక్కర్ జిగురు పట్టేది దీని మీదే. బట్ట మీద నేరుగా అంటిస్తే నూలు పోగుల మధ్య గాలి ఉంటుంది, పట్టు దొరకదు, మొదటి వాష్‌లోనే మూల లేస్తుంది. ట్యాగ్ మీద పెట్టి బొటనవేలితో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్దండి. ట్యాగ్ కుట్టు మీదికి లేబుల్ ఎక్కకూడదు, ఎక్కిన చోట నుంచే ఊడుతుంది. తర్వాత 24 గంటలు నీళ్ళు తగలనివ్వొద్దు. రాత్రి అంటించి పొద్దున్నే వాషర్‌లో పడేసి, కిట్ బాగోలేదని రివ్యూలు రాసేవాళ్ళే ఎక్కువ. ఇలా అంటించినవి 12 వాష్‌లు, 12 సార్లు డ్రయ్యర్ అయ్యాయి. ఒక్కటీ కదల్లేదు. జిగురు విషయంలో వంక పెట్టను.

గొడవంతా ఎక్కడంటే, ఇప్పుడొచ్చే పిల్లల టీషర్టుల్లో చాలావాటికి ట్యాగే ఉండదు. మెడ గీసుకుంటుందని వివరాలు బట్ట మీదే ముద్రిస్తున్నారు. వాటికి ఇస్త్రీతో అంటే ఐరన్-ఆన్ లేబుల్ కావాలి, ఈ కిట్‌లో అది ఒక్కటీ లేదు. క్యాంపు కోసమని పెట్టె మీద టెంటు బొమ్మ వేసి అమ్ముతూ ఐరన్-ఆన్ పెట్టకపోవడం ఏంటో! విడిగా కొంటే ఆవిరి ఆపేసి, ఇస్త్రీపెట్టె కాటన్ వేడిలో పెట్టి, పైన బేకింగ్ పేపర్ వేసి 10 నుంచి 15 సెకన్లు కదపకుండా నొక్కాలి. నూలు బట్టలకే. డ్రై-ఫిట్ జెర్సీ, స్విమ్ డ్రెస్ లాంటి పాలియెస్టర్ మీద అదే వేడి పెడితే బట్ట మెరుపెక్కి ముడుచుకుపోతుంది. వాటికి ఉతికినా చెరగని లాండ్రీ మార్కరే గతి.

సాక్సుల గురించి వాళ్ళ పేజీలో ఒక్క ముక్క లేదు. సాగే బట్ట మీద స్టిక్కర్ నిలవదు. తెల్ల సాక్సు అరికాలి వైపు మార్కర్‌తో ఇంటిపేరు మొదటి అక్షరాలు, నల్లవైతే వేళ్ళ దగ్గర రంగు దారంతో రెండు కుట్లు. సూది దారం మన ఇళ్ళలో ఉంటుంది కదా. టవల్‌కి కూడా మెత్తటి పోగుల మీద కాదు, తగిలించే పట్టీ మీద అంటించండి.

60 సరిపోతాయా అని అడుగుతున్నారు. లెక్క వేద్దాం. ఐదు రాత్రులకి: టీషర్టులు 8, షార్ట్స్ 6, లోపలి బట్టలు 9, సాక్సులు 9 జతలంటే 18, స్విమ్ డ్రెస్సులు 2, టవళ్ళు 3, నైట్ డ్రెస్సులు 2, జీన్స్, హుడీ, రెయిన్ కోటు ఒక్కోటి, పాదరక్షలు మూడు జతలంటే 6. అంతా 57. పడకకి దుప్పటి, స్లీపింగ్ బ్యాగు, దాని సంచి, దిండు గలీబు 4. బాటిల్, టార్చి, టోపీ, బ్రష్షు, దువ్వెన, బైబిలు, నోటుబుక్కు, పెన్ను, సబ్బుల సంచి, మాసిన బట్టల సంచి, పెద్ద బ్యాగు 11. మొత్తం 72. సాక్సులు తీసేస్తే కిట్ ధారాళంగా సరిపోతుంది. స్విమ్ డ్రెస్సులు రెండెందుకంటే, ముందురోజుది పొద్దుటికి ఆరదు, తడిదే వేసుకుంటే తొడలు ఒరుసుకుంటాయి. అమ్మాయిలకి వన్-పీసే ఉండాలని చాలా క్రిస్టియన్ క్యాంపుల రూలు. ముదురు రంగు టీషర్టు ఒకటి పైన వేసుకోడానికి పెట్టండి.

పాత పద్ధతుల మాట. ఉత్త పర్మనెంట్ మార్కర్ నాలుగైదు వాష్‌లకి ఊదారంగు మరకగా మిగులుతుంది. రబ్బరు స్టాంపు లేత రంగుల మీద బ్రహ్మాండం, ముదురు రంగు మీద కనపడదు. నేసిన లేబుళ్ళు కుట్టించుకుంటే బట్ట చిరిగేదాకా ఉంటాయి గానీ 50 కుట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఇదే కంపెనీ పాత కిట్ లేబుళ్ళకి మూలలు చదరంగా ఉండేవి, మెడ దగ్గర గుచ్చుకునేవి. ఇప్పుడు గుండ్రం చేశారు, మెచ్చుకోవాలి.

బూట్ల లేబుళ్ళు మాత్రం నాకు తెగ నచ్చాయి. లోపల మడమ కింద పేరు, దాని మీద పారదర్శకమైన ఇంకో పొర. చెమటకి, ఇసుకకి అక్షరం చెరగదు. కుడిదాని మీద సగం, ఎడమదాని మీద సగం బొమ్మ ఉంటుంది, చిన్నపిల్లలు కాళ్ళు తారుమారు చేయరు. తాళ్ళ మీద ఎక్కి నడిచే రోప్స్ కోర్సుకి వేళ్ళు మూసుండే బూట్లు తప్పనిసరి, అవి ఒక్కసారైనా తడుస్తాయి. అందుకే ఆ మూడు జతల్లో రెండు బూట్లే ఉండాలి.

పెద్ద లేబుళ్ళు 20 ఉన్నాయి కదా అని మందు డబ్బాల మీద అంటించకండి. ఫార్మసీ చీటీ కప్పితే నర్సు ఆ డబ్బా తీసుకోరు. మందులు అసలు డబ్బాలోనే, ఎన్ని రోజులకో అన్నే, జిప్ కవర్లో పెట్టి చెక్-ఇన్‌లో నర్సు చేతికే ఇవ్వాలి. విటమిన్ గమ్మీలు, అమృతాంజనం కూడా మందు కిందే లెక్క. ఇండియా నుంచి తెచ్చిన స్ట్రిప్పులు చాలా క్యాంపుల్లో చెల్లవు, వారం ముందే డాక్టర్ దగ్గర ఇక్కడి మందు రాయించుకోండి. ఇన్‌హేలర్, తీవ్రమైన అలర్జీకి వాడే ఎపిపెన్ ఇంజెక్షన్ బిడ్డ దగ్గరే ఉంచాలంటే ఫామ్‌లో విడిగా సంతకం అడుగుతారు.

బైబిల్ మీద లేబుల్ అట్ట లోపల అంటించండి. ఫోన్లు తీసేసుకుంటారు, యాప్ ఉందిగా అంటే కుదరదు. క్యాబిన్‌లో కలిసి బైబిలు చదివి ప్రార్థించే డివోషన్‌లో అందరూ ఇంగ్లీషులో వంతులవారీగా చదువుతారు. తెలుగు పరిశుద్ధ గ్రంథం ఒక్కటే పెడితే పాప వంతు వచ్చినప్పుడు బిక్కమొహం వేస్తుంది. క్యాంపు ఏ ఇంగ్లీషు అనువాదం వాడుతుందో అడిగి అదే పెట్టండి.

లేబుళ్ళు అంటించే పని బిడ్డ చేత చేయించండి. ఏ చొక్కా పెట్టామో అలాగే గుర్తుంటుంది. రోజుకో జిప్ కవరు, అందులో ఒక జత బట్టలు, పైన రోజు పేరు. తర్వాత బ్యాగు కుమ్మరించి వాళ్ళ చేతే మళ్ళీ సర్దించండి. అమ్మ మోకాలేసి జిప్పు లాగిన బ్యాగు శుక్రవారం పిల్ల చేతిలో మూసుకోదు.

జడ సంగతి ఇంకా ముఖ్యం. రోజూ అమ్మ వేసే రెండు జడలు అక్కడెవరూ వేయరు. మూడు వారాల ముందు నుంచి పోనీటెయిల్ సొంతంగా కట్టుకోవడం, తల తుడుచుకోవడం నేర్పాలి. చాలా చోట్ల చెక్-ఇన్‌లోనే పేలు చూస్తారు, ఈపులు కనపడితే క్యాబిన్‌లోకి పంపరు. తడి జుట్టుకి కండిషనర్ రాసి పేలదువ్వెనతో పాయపాయగా దువ్వి, ప్రతిసారీ తెల్ల టిష్యూ మీద తుడిచి చూడండి. ఈపి పగలడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ముందురోజు చూస్తే లాభం లేదు, మూడు వారాల ముందు ఒకసారి, పది రోజులాగి ఇంకోసారి. వెళ్ళే రోజు నూనె పెట్టకండి, ఐదు రాత్రులూ అదే దిండు.

ఇక ఆ ఆరు కార్డులు. 'నిన్ను చాలా మిస్సవుతున్నాం' అని అచ్చేసి ఉన్నాయి. ఇవి తీసి పక్కన పడేయండి. నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, అమ్మమ్మ అన్నం తినడం లేదు అని చదివితే ఏ బిడ్డ కుదురుగా ఉంటుంది? బెంగ గురించి అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ అనే పిల్లల డాక్టర్ల సంఘం 2007లో ఒక నివేదికే ఇచ్చింది. నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తాం అని ముందే మాట ఇవ్వొద్దని అందులో ఉంది. అలా చెబితే నీ వల్ల కాదు అని మనమే చెప్పినట్టు. దానికి బదులు తెలిసినవాళ్ళింట్లో రెండు మూడు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చేయండి. ఉత్తరాలు మామూలు కార్డుల మీద, 'నిన్న ఈత ఎలా ఉంది?' అని ప్రశ్నతో రాసి, మీద సోమ, మంగళ అని రోజు వేసి చెక్-ఇన్‌లో ఇచ్చేయండి. పోస్టులో వేస్తే పాప ఇంటికొచ్చాక చేరుతుంది. జంతికలు మాత్రం పెట్టొద్దు, చీమలు, ఎలుకలు వస్తాయి, పక్క మంచం పిల్లకి పల్లీ అలర్జీ ఉండొచ్చు.

చేతి బ్యాండ్ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఫోన్ నంబరు రాసి కడితే ఆపదలో బిడ్డ భద్రం అన్నట్టు ప్రకటన. 2025 జూలై 4న టెక్సస్‌లో గ్వాడలూప్ నది వరదకి క్యాంప్ మిస్టిక్ అనే క్రిస్టియన్ బాలికల క్యాంపులో 27 మంది పిల్లలు, కౌన్సెలర్లు చనిపోయారు. రాత్రిపూట నీళ్ళొస్తే బ్యాండ్ ఏం చేస్తుంది? డబ్బు కట్టే ముందే అడగండి: క్యాబిన్ వరద ముంపు మ్యాపులో ఉందా, రాత్రి హెచ్చరిక ఎలా వస్తుంది, ఎక్కడికి తీసుకెళ్తారు, చివరి డ్రిల్ ఎప్పుడు. రాష్ట్ర లైసెన్సు చూడండి. పెద్దవాళ్ళెవరూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదన్న రూలు ఉందా అడగండి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం రాత్రి ఉండే క్యాంపుల్లో 6 నుంచి 8 ఏళ్ళవాళ్ళకి ఆరుగురికి ఒకరు, 9 నుంచి 14 వాళ్ళకి ఎనిమిది మందికి ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలి. చర్చివాళ్ళదే కదా, ఏం అడుగుతాంలే అని మొహమాటపడొద్దు. పనిలో పనిగా బాప్తిస్మం విషయంలో ఏం చేస్తారో కూడా అడగండి, పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చే లూథరన్ ఇంటి బిడ్డ వారంలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటానని నిర్ణయించుకుని వస్తే అప్పుడు ఆశ్చర్యపోకూడదు.

కొనాలా వద్దా అంటారా? జిగురుకి, బూట్ల లేబుళ్ళకి పదికి తొమ్మిది ఇస్తాను. అయినా ఈ కిట్ మొత్తం కొనమని చెప్పను. పేరు 20 అక్షరాల్లో పట్టి, ట్యాగులున్న బట్టలే ఎక్కువుంటే సరే. లేకపోతే వాళ్ళ దగ్గరే బూట్ల లేబుళ్ళు విడిగా దొరుకుతాయి, అవి తీసుకుని రెండు వరసలున్న ఐరన్-ఆన్ ఇంకోచోట కొనండి, ఒక లాండ్రీ మార్కర్ పక్కన పెట్టుకోండి. ఆర్డర్ చెక్-ఇన్‌కి కనీసం నాలుగు వారాల ముందు ఇవ్వాలి. అచ్చుకి పంపే ముందు స్పెల్లింగ్ బిడ్డ చేతే చదివించండి, ఒకసారి ముద్రించాక వాళ్ళు వెనక్కి తీసుకోరు.