లేత్ మిషన్ కింద ఆ తెల్ల నీళ్లు ఎటు పోతున్నాయి?

నమస్తే అండి. ఇదిగో, లోహాన్ని కోసే టూల్ మీద పాలలా ధార కడుతోంది చూశారా, ఇదే కూలెంట్, టూల్ వేడెక్కకుండా చల్లబరిచేది. నూటికి 90, 95 పాళ్లు నీళ్లే, మిగతాది ఆయిల్, తుప్పు పట్టకుండా, బ్యాక్టీరియా పెరగకుండా కలిపే కెమికల్స్. హైదరాబాద్ బాలానగర్‌లో ఏ సందులోకి వెళ్లినా ఇలాంటి మిషన్లే.

మెటల్ కటింగ్ పొల్యూషన్ అనగానే అందరికీ పొగ, నిప్పురవ్వలే గుర్తొస్తాయి. అదీ నిజమే, స్టెయిన్‌లెస్ స్టీల్‌ని ప్లాస్మాతో, అంటే విపరీతమైన వేడి గ్యాస్ ధారతో కోస్తే వచ్చే పొగలో హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చేది, పొగని లాగేసే ఫ్యాను, ఫిల్టరు లేకుండా ఆ పని చేయనే కూడదు. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఈ తెల్ల నీళ్లే.

ఆదివారం మిషన్ ఆపేస్తారు కదా, సోమవారం పొద్దున్నే షట్టర్ ఎత్తగానే గుప్పున కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఎందుకంటే మిషన్‌లో జారే భాగాలకి (స్లైడ్లకి) వేసిన ఆయిల్ కారి కూలెంట్ మీద తెట్టులా పరుచుకుంటుంది, కిందకి గాలి అందదు, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగిపోయి ఆ గ్యాస్ వదులుతుంది. ఇక పాడైపోయిందని ట్యాంకు మొత్తం డ్రైనేజీలో పారబోస్తే అసలు సమస్య అక్కడ మొదలవుతుంది, కూలెంట్‌లో ముందే కలిపిన ఆయిల్ నీళ్లలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎంతసేపు నిలబెట్టినా పైకి తేలదు, అలాగే నాలాలోకి, చెరువులోకి పోతుంది.

వాడేసిన ఆయిల్, ఆయిల్ కలిసిన వ్యర్థాలు కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థాలు, పర్మిషన్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి. కానీ అర డ్రమ్ము కోసం ఒక్క షాపు వాళ్ల బండి పిలిపిస్తే గిట్టుబాటు కాదండి, నలుగురైదుగురు ఓనర్లు కలిసి పిలవాల్సిందే.

చిప్స్, అంటే కోసినప్పుడు రాలే లోహపు ముక్కలు కూడా తడితడిగా స్క్రాప్ కుప్పలో వేసేస్తారు, వానొస్తే ఆ ఆయిలంతా నేలలోకే. జాలీలో వేసి ఓడ్చి పక్కన పెడితే కూలెంటూ మిగులుతుంది, స్క్రాపూ శుభ్రంగా పోతుంది. అల్యూమినియం అయితే మరీ ముఖ్యం, స్క్రాప్ కరిగించి మళ్లీ వాడితే ఖనిజం నుంచి తీసేదానితో పోలిస్తే కరెంటు, ఇంధనం 95 శాతం దాకా ఆదా.

ఇంకో పద్ధతి ఉంది, ధారకి బదులు గంటకి 50 మిల్లీలీటర్లో అంతకన్నా తక్కువో ఆయిల్‌ని గాలితో కలిపి తుంపరలా టూల్ మొన మీదే కొట్టడం. గ్రైండింగ్‌కి, లోతు డ్రిల్లింగ్‌కి ఇది అంతగా కుదరదు, మామూలు మిల్లింగ్‌కి మాత్రం చాలాచోట్ల సరిపోతుంది.

అంత ఖర్చు పెట్టలేం అంటారా, ఈ శనివారం ఇంటికెళ్లే ముందు పైన తేలిన ఆయిల్ తీసేసి, చేపల తొట్టెకి పెట్టే చిన్న గాలి పంపు ట్యాంకులో వేసి వదిలేయండి, సోమవారం వాసన ఎలా ఉందో కింద కామెంట్‌లో రాయండి.